దాటరాని మోకు

ఆమడ దూరంలో ఉండగానే కర్పూరద్వీపం వాసన ముక్కుకు తగులుతుందని నావికులు చెప్పుకుంటారు. కొంచెం పెంచి చెప్పడం నావికులకు అలవాటే గాని, ఈ ఒక్క మాట మాత్రం నిజం. కొండ నడుము దాకా తెల్లని మానులతో కర్పూర వనాలు, వాటి కింద పగడపు రంగు పెంకుల మేడలు, మేడల ముందు నీళ్లలోకి దిగే పాలరాతి మెట్లు, మెట్ల మీద యాలకుల బస్తాలు, నెమలికంఠం రంగు పట్టుతానులు, పంజరాల్లో ఆరు భాషల్లో తిట్టగల గోరువంకలు. ఇక రేవు నిండా తెరచాపలే. ఉదయపుటెండ పడగానే అవన్నీ ఒక్కసారిగా వెలిగి, దీవికి రెక్కలొచ్చాయేమో అనిపించాయి.

ఇంత అందం కళ్లెదుట ఉంటే వీరపోతు మాత్రం మోకుల కొసలు చూస్తున్నాడు.

"అదుగో, ఆ ఓడకీ పసుపు పోగే. ఈ ఓడకీ అదే. రేవంతా మా ముద్రే, కలహంసీ!"

"మీ ముద్రే. మోకు మాత్రం మీది కాదు," అంది కలహంసి చుక్కాని తిప్పుతూ. "మీదైతే నా ఓడ ఎందుకు మునుగుతుంది?"

వీరపోతు రేవు దగ్గరపడుతుంటే పడవ ముందు భాగానికి బయలుదేరాడు. దారిలో లంగరు మోకు అడ్డంగా పడి ఉంది. వంగి, దాన్ని కళ్లకద్దుకుని, తల మీదుగా ఎత్తి, దాని కింద నుంచి దూరి వెళ్లాడు.

"ఒక్క అడుగు ఎత్తి వేస్తే అయిపోయేదానికి ఇంత తతంగమా? పడవ ఎక్కిన దగ్గర్నుంచి చూస్తున్నా, నడుం విరుగుద్ది నీకు!"

"మోకును దాటకూడదు. ప్రాణం నిలబెట్టేది కదా," అన్నాడు వీరపోతు. ఈ మాట అతను ఆమెకు చెప్పడం అప్పటికి నలభయ్యోసారి.

పేరు చూసి యువరాజనుకునేరు. వీరపోతు హరితకూట రాజ్యంలో, సముద్రపు ఒడ్డున ఉన్న మోకులవాడలో, కొబ్బరి పీచుతో ఓడల మోకులు పేనే ఇంట పుట్టాడు. ఆ వాడలో పేనిన ప్రతి మోకు నడిమధ్యా పసుపులో ముంచిన పోగు ఒకటి నడుస్తుంది. కొస కోసి చూస్తే పువ్వులో పుప్పొడిలా కనిపిస్తుంది. అదే వాళ్ల ముద్ర. ఆ పోగున్న మోకు తుపానుకు కూడా తెగదని ఏడు తరాలుగా నావికుల నమ్మకం.

రెండేళ్ల కిందట మోకులవాడ నుంచి ఇరవై ఒక్కమంది పనివాళ్లను ఎక్కించుకుని వెళ్లిన ఓడ ఒకటి జాడ తెలియకుండా పోయింది. వీరపోతు తండ్రి సన్నాసయ్య అందులోనే ఉన్నాడు. వాడంతా ఏడ్చింది. ఆ ఏడుపు ఆరకముందే దీవుల్లో దొంగ మోకులు పుట్టుకొచ్చాయి. నడుమ అదే పసుపు పోగు, పైన అదే నిగనిగ. కాని ఉప్పునీరు తగిలిన ఏడోనాటికి కుళ్లి తెగేవి. కలహంసి సొంత ఓడ అలాగే పోయింది. చిత్రకేయూర మహారాజు కూతురు విహారానికెక్కిన నౌక తెరచాప కూడా అలాగే కూలింది. రాజకుమారికి దెబ్బ తగల్లేదు గాని, తెగిన మోకులో పసుపు పోగు కనిపించింది. మోకులవాడకు పెద్ద దిక్కయిన కొండమ్మను, అంటే వీరపోతు తల్లిని, చెరలో వేశారు. కార్తీక పున్నమిలోగా అసలు దొంగను చూపించకపోతే ఆమె రెండు బొటనవేళ్లూ తీయించాలని తీర్పు. బొటనవేలు లేని చెయ్యి పీచు పట్టలేదు. పున్నమికి ఇక తొమ్మిది రోజులు.

మహారాజు మరీ రాతిగుండె మనిషేం కాడు. వీరపోతు కాళ్లావేళ్లా పడితే ఒక రాగిరేకు రాయించి ఇచ్చాడు. సముద్రానికి ఆవల ఆయన తాతగారు గెలిచిన దీవులు తొమ్మిదున్నాయి. దీవికొక దండపాలుడు, దండపాలుడికొక చట్టం. రాజధానిలో చెల్లే వర్తకుడి ముద్ర దీవుల్లో చెల్లదు. ఇక్కడ దొంగగా పేరుపడ్డవాడు అక్కడ షావుకారు. రాగిరేకు మీది శాసనం ఏమిటంటే, ఏ దీవిలో ఎవరు ముందుగా దండోరా వేయించి ముద్ర రాయించుకుంటే, ఆ దీవిలో అది వారి సొత్తు. ఆరు దీవుల్లో వీరపోతు దండోరా వేయించాడు. దొంగ సరుకు ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగితే ఆరు దీవుల వాళ్లూ ఏడోదాని వైపే చెయ్యి చూపించారు.

ఆ ఏడోదానికి దండపాలుడు మకరందుడు. ఆయన సభ సముద్రం మీదికి పొడుచుకొచ్చిన చలువరాతి వేదిక మీద జరుగుతుంది. అంచున బంగారు రేకులు తాపిన ఉయ్యాల. దాని ఊపు సగం సభ మీద, సగం సముద్రం మీద. మకరందుడు బాగా ఒళ్లున్న మనిషి, నోట్లోంచి తాంబూలం తియ్యడు. ఉయ్యాల సభ వైపు వచ్చినప్పుడు తీర్పు చెబుతాడు, సముద్రం వైపు వెళ్లినప్పుడు ఉమ్ముతాడు.

"పసుపు పోగు ముద్రా?" అన్నాడు రాగిరేకు చూసి. "అది నాలుగు నెలల కిందటే రాసుకున్నామే! లేఖకా, చదువు."

లేఖకుడు తాటాకు విప్పి గొంతు సవరించుకున్నాడు. "పసుపు పోగు, మోకు నడుమ నడుచునది, రత్నాంగద శ్రేష్ఠి వారి సొత్తు. అన్యులు దానిని వాడినచో మొగమునకు మసి పూసి, గాడిదపై ఊరేగించి, ఏడేండ్లు ఉప్పుగనిలో ఉంచవలెను."

వీరపోతు ఒక అడుగు ముందుకేశాడు. "దేవరా! ఆ పోగు మా ముత్తాతల నుంచి..."

"మీ ముత్తాతలు మీ ఊళ్లో కదటయ్యా. ఇక్కడ ముందెవరు రాయించుకున్నారు? శ్రేష్ఠి గారు. ముందు రాయించుకున్నవారిదే సొత్తని ఎవరన్నారు? మహారాజు. ఆ శాసనం తెచ్చిందెవరు? నువ్వే." ఉయ్యాల అటు వెళ్లింది, తుపుక్కుమంది, ఇటు వచ్చింది. "కాబట్టి దొంగ ముద్ర నీది. గాడిదను పిలిపించండి."

భటులు ఈటెలు దించారు. వీరపోతు వాటిని చూడటం లేదు. ఉయ్యాల మోకులు చూస్తున్నాడు.

"దేవరా, ఈ మోకులు కట్టి ఎన్నాళ్లయింది?"

"ఆరు రోజులు. శ్రేష్ఠి గారి కానుక. ఏం, ముచ్చటగా ఉన్నాయా?"

"అల తుంపర తగులుతూనే ఉంది. రేపు మాత్రం ఊగొద్దండి."

మకరందుడికి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. సభ కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదు కాబట్టి. ఆ నవ్వుల మధ్య కలహంసి వీరపోతు మోచెయ్యి గిల్లింది.

"పోతూ, నీకు పరుగెత్తడం వచ్చా?"

"వెనక్కైతే బాగా వచ్చు."

వేళాకోళం కాదు. మోకు పేనేవాడు పీచు నడుముకు చుట్టుకుని, పోగు వదులుతూ, వెనక్కి వెనక్కి నడుస్తాడు. ముందు చక్రం తిరుగుతుంటే తను వెనక్కి పోతూ ఉండటమే ఆ పని. మోకులవాడ మనుషులకు వీపు కూడా దారి చూస్తుంది. వీరపోతు భటుల వైపు మొహం పెట్టి వెనక్కి దౌడు తీశాడు. ఎదురుగా ఏ ఈటె ఎటు వస్తోందో చూసి తప్పుకుంటున్నాడు. వెనకనున్న మెట్లు, బస్తాలు, అమ్మలక్కలు అతని మడమలకు ఎలాగో తెలిసిపోతున్నాయి. ముందుకు పరుగెత్తే భటులేమో యాలకుల బస్తాల మీద పడ్డారు, ఒకడు గోరువంకల పంజరాల్లో పడ్డాడు. అవి వాణ్ణి ఆరు భాషల్లోనూ తిట్టాయి. కలహంసి ఒక పట్టుబట్టల కొట్టు తలుపు తోసి, వీరపోతును లోపలికి లాగి, గడియ వేసింది.

మర్నాడు పొద్దున ఆ కొట్లోంచి వజ్రద్వీపపు వర్తకులిద్దరు బయటికొచ్చారు. ఒకాయనకు జరీ తలపాగా, బుర్ర మీసాలు. ఆ మీసాలు కొబ్బరి పీచువి. వీరపోతు తనే పేనుకున్నాడు, అందుకే కాస్త గట్టిగా ఉన్నాయి. రెండో ఆవిడకు చేతినిండా గాజులు, ముక్కుకు ఎర్రరాయి పుడక. పుడక మాత్రం కలహంసి సొంతం.

"గుర్తుపెట్టుకో," అంది ఆమె కొండదారిలో. "నువ్వు ఓడలు కట్టించే షావుకారువి. మోకు చూసి మురిసిపోకు, ముట్టుకుని వాసన చూడకు, మీ అమ్మ పేరెత్తకు."

"అలాగే."

"శ్రేష్ఠి పేనించేచోటు కళ్లారా చూస్తాం, ఒక కట్ట కొంటాం, రాజుగారి ముందు పెడతాం. అంతే."

అంతే అనుకున్నది అంతే జరిగితే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

శ్రేష్ఠి ఆవరణ కర్పూర వనం మధ్యలో ఉంది. తెల్లని మానుల నీడలో చందనపు గోడ, గోడ మీద వెండి మల్లెల తీగ, ద్వారానికి ఏనుగుదంతపు తలుపులు. లోపల పాకశాలలో ఉడికే బెల్లప్పాకం వాసన బయటి దాకా వస్తోంది. ద్వారపాలకుడు ఇద్దరినీ కాసేపు నిలబెట్టి లోపలికెళ్లి వచ్చాడు. తలుపులు తెరుచుకున్నాయి. గడపకు అడ్డంగా నేల మీద నల్లని మోకు ఒకటి పడి ఉంది.

"దయచేయండి, దయచేయండి!" లోపల నుంచి తేనె లాంటి గొంతు పిలిచింది.

కలహంసి గాజులు గలగలలాడిస్తూ నల్లమోకును చులాగ్గా దాటి లోపలికి అడుగుపెట్టింది. ఆమె వెనకే వజ్రద్వీపపు షావుకారు వచ్చాడు. వంగాడు. మోకును కళ్లకద్దుకున్నాడు. తల మీదుగా ఎత్తాడు. కింద నుంచి దూరి, మోకును మళ్లీ భక్తిగా నేల మీద పెట్టి, మీసం సవరించుకున్నాడు.

అప్పుడు గాని తను చేసిన ఘనకార్యం అతనికి తెలియలేదు. ఇక కలహంసి తిట్లకు సిద్ధపడుతూ తలెత్తాడు. తిట్లు రాలేదు. ఆవరణలో కనిపించింది చూసి ఉన్నచోటే ఆగిపోయాడు.

ఐదువందల మూరల పొడవైన పందిరి. దాని కింద ఇరవై ఒక్కమంది పనివాళ్లు మోకులు పేనుతూ వెనక్కి నడుస్తున్నారు. ఇరవై ఒక్కమందికీ ఒకటే మొహం. కోడిగుడ్డు లాంటి నున్నటి మొహం, కళ్లు ఉన్నా చూపు లేదు. ఒకే అచ్చుతో గుద్దినట్టున్నారు. ఒకడు పీచుమోపు ఎత్తుకుని ఇటు వచ్చాడు. దారిలో మోకు పడి ఉంటే, మోపు దించి, వంగి, కళ్లకద్దుకుని, దాని కింద నుంచి దూరాడు. ఇంకొకడూ అంతే.

'వీళ్లు మావాళ్లు!' అనుకున్నాడు వీరపోతు. 'సముద్రంలో పోయారని ఏడ్చాం. వీళ్లు ఇక్కడున్నారు!'

"కలహంసీ," అంటూ ఆమె వైపు తిరిగాడు.

ఎర్రరాయి పుడక తళుక్కుమంది. పుడక ఆమెదే. దాని వెనక మొహం మాత్రం కోడిగుడ్డు లాంటి నున్నటి మొహం.

"నేనెవరిని?" అని అడిగింది ఆ మొహం, మెల్లగా.

"ఇరవై రెండోదానివి," అన్నాడు పందిరి కింద నుంచి లేచి వస్తూ రత్నాంగద శ్రేష్ఠి. పట్టు ఉత్తరీయం, మెడలో ముత్యాలు, నుదుట నిలువు బొట్టు. నడుస్తుంటే నీడ మాత్రం కాస్త వెనకబడి వస్తోంది. మంత్రగాళ్లకు అదొక్కటే దాచుకోవడం చేతకాదు. "శ్రేష్ఠి అనేది బజారు పేరు. నా అసలు పేరు భ్రమకేతుడు. ఆ నల్లమోకు దాటినవాడి పేరు దాని పురిలో చిక్కుకుపోతుంది. పేరుతో పాటు మొహమూ పోతుంది. మీ వాళ్లను నిద్రలో ఉండగా మోయించి దాటించాను. ఈ పిల్ల నవ్వుతూ తనే దాటింది. నువ్వు చూడు, పాపం, మర్యాదగా కింద నుంచి వచ్చావు. పట్టుబడ్డావు, తప్పించుకున్నావు, రెండూ ఒకేసారి!"

"మా అమ్మ చెరలో ఉంది!" అని అరిచాడు వీరపోతు. కోపంతో మీసం ఊడి కింద పడింది. "నీ కుళ్లు మోకుల వల్ల!"

"కుళ్లువే మరి. మునిగిన ఓడల మోకులు ఏరించి, విప్పించి, మీవాళ్లచేత మళ్లీ పేనిస్తాను. పైన చిటికెడు నా భస్మం. ఏడు రోజులు కొత్తపెళ్లికూతుళ్లలా ఉంటాయి. పసుపు పోగు చూస్తే చాలు, ఇంకేమీ అడగరు జనం. ఏడు తరాల మంచిపేరు మీరు సంపాదించి పెట్టారు. తినడానికి నేనున్నాను." చప్పట్లు చరిచాడు. "ఎత్తండి వీణ్ణి! మోసుకెళ్లి దాటించండి!"

ఎనిమిది జతల చేతులు వీరపోతును గాలిలోకి లేపాయి. తలపాగా ఎగిరి పడింది, నడుముకున్న రాగిరేకు జారిపోయింది. గింజుకున్నాడు, బతిమాలాడు, చిన్నప్పటి వరసలన్నీ పెట్టి పిలిచాడు. నున్నటి మొహాల మీద ఒక్క గీత కదల్లేదు. గడప పది అడుగుల దూరంలో ఉంది, తర్వాత ఐదడుగులు, తర్వాత మూడు.

పేర్లు పోయాయి, మొహాలు పోయాయి. చేతులకు పని మాత్రం గుర్తుంది. ఆ సంగతి తలలో మెరవగానే వీరపోతు గొంతు చించుకుని అరిచాడు.

"పురి జారింది... పట్టూ!"

మోకులవాడలో ఆ కేక వినబడితే అన్నం తింటున్నవాడు కూడా కంచం వదిలి ఉరుకుతాడు. బిగించిన పురి జారిందంటే మోకు కొరడాలా లేచి మనిషిని కొడుతుంది. ఎనిమిదిమందీ వీరపోతును నేల మీద దబ్బున పడేసి, దగ్గర్లో ఏ మోకు ఉంటే దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. దగ్గర్లో ఉన్నది నల్లమోకు. పందిరి కింద ఉన్నవాళ్లూ పరుగున వచ్చి అదే పట్టుకున్నారు.

నడుం విరిగినంత పనైనా వీరపోతు లేచాడు. నల్లమోకు ఒక కొసను పేనే చక్రం కొక్కేనికి తగిలించాడు. రెండో కొస ఎవరికివ్వాలి? అప్పుడు విన్నాడు. పట్టు సర్దుకుంటూ వెనక్కి అడుగులేస్తున్నవాళ్లలో ఒకడు ఎడమ మడమతో నేలను రెండుసార్లు తట్టాడు. టక్కు, టక్కు. మళ్లీ పన్నెండు అడుగులు. టక్కు, టక్కు.

చిన్నప్పుడు చక్రం తిప్పే పని వీరపోతుదే. తండ్రి పోగు వదులుతూ వెనక్కి వెనక్కి వెళ్లి, పాక చివర వేలెడంత అయిపోయేవాడు. పన్నెండడుగులకోసారి వినపడే ఆ మడమ చప్పుడే నాన్న అక్కడున్నాడని గుర్తు.

"అయ్యా!" అన్నాడు వీరపోతు. కళ్లలో నీళ్లు ఆగలేదు. కొస తెచ్చి ఆ మనిషి చేతుల్లో పెట్టాడు. "గట్టిగా పట్టుకో. అందరూ వదిలెయ్యండి! ఇప్పుడు ముందుకు రా అయ్యా, నావైపు రా!"

చక్రాన్ని ఎన్నడూ తిప్పని వైపు తిప్పాడు. పురి విడవసాగింది. బుద్ధెరిగాక మోకు పట్టుకుని ముందుకు నడవడం ఆ మనిషికి అదే మొదలు. కాలు తడబడింది. ఒక అడుగు వేశాడు, మరొకటి వేశాడు. నల్లపోగులు విడిపోతూ గాలిలోకి ఒక మాట విసిరాయి.

"కలహంసి!"

"ఎవడ్రా నన్ను ఇరవై రెండోదన్నది?" అని వెంటనే సమాధానం వచ్చింది. పుడక వెనక తన మొహం తనకు తిరిగొచ్చిందో లేదో తడుముకుని, ఆమె దగ్గర్లోని పీచు బాదే దుడ్డుకర్ర అందుకుంది.

"సూరమ్మ! గున్నయ్య! పోలినాయుడు! ఎర్రమ్మ!" పేరు వినపడిన చోటల్లా ఒక మొహం పగిలి, లోపల నుంచి ముడతలు, మచ్చలు, మెల్లకళ్లు, పళ్లూడిన నవ్వులు బయటపడ్డాయి. "ఓలమ్మో, ఇదేటిది, ఏ ఊరిది?" అని ఒకరు, "నా గేదెకి నీళ్లెట్టేరా?" అని ఒకరు.

భ్రమకేతుడు ఆగలేదు. పేర్లు ఊడిపోతున్న మంత్రం ముందు నిలబడే ధైర్యం ఏ మంత్రగాడికీ ఉండదు. నేల మీద పడ్డ తలపాగానూ రాగిరేకునూ దొరకబుచ్చుకుని, తలపాగాను కర్పూరపు పొగలో తిప్పి నెత్తిన పెట్టుకున్నాడు. మరుక్షణం గోడ మీద ఇంకో వీరపోతు కూర్చుని ఉన్నాడు. అదే ముక్కు, అదే చెవి మీది పుట్టుమచ్చ.

"రాజుగారి ముందు నిలబడి, దొంగ మోకులు మేమే పేనామని నోరారా ఒప్పుకుంటాను," అన్నాడు వీరపోతు గొంతుతోనే. "కొడుకే చెప్పాక తల్లి వేళ్లు ఎవరు కాపాడతారు? మీరు తీరిగ్గా రండి!"

కలహంసి విసిరిన దుడ్డుకర్ర గోడకు తగిలేసరికి వాడు అవతలికి దూకేశాడు. కొండ కింద మలుపులో దాచిన ఓడ తెరచాప విప్పుకుంది. వాడు తన ఓడకు మాత్రం మంచి పీచుతో పేనించుకున్న అసలు మోకులే కట్టుకున్నాడు.

వీరపోతు అది చూడలేదు. చక్రం వదిలితే పురి మళ్లీ బిగుసుకుంటుంది. నల్లమోకులో ఇంకా ఒక్క పోగు మిగిలి ఉంది. నున్నటి మొహం మనిషి ఒక్కొక్క అడుగే వేస్తూ చక్రం దగ్గరికి వచ్చాడు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం ఉండగా చివరి పోగు విడిపోయింది.

"సన్నాసయ్య."

మొహం పగిలింది. తెల్లబడిన మీసాలు, చెంప మీద పాత గాటు. ఆ కళ్లు వీరపోతును పైనుంచి కిందికి చూశాయి.

"ఏట్రా పోతూ, సక్రం ఎనక్కి తిప్పుతున్నావ్? మీ అమ్మ సూస్తే సంపేస్తాది."

వీరపోతు చక్రం వదిలి తండ్రిని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇరవైమందీ ఏడ్చారు. కలహంసి మాత్రం ఏడవలేదని తర్వాత చెప్పుకుంది. ఆ మాట మనం నమ్మక్కర్లేదు.

ఇంతలో ద్వారం దగ్గర ఈటెల చప్పుడైంది. భటులు వచ్చారు. వాళ్ల మధ్య, పల్లకీలో, నిలువునా తడిసి నీళ్లోడుతున్న మకరందుడు. చెవిలో నాచు ఉంది, నోట్లో తాంబూలం లేదు.

"ఊగొద్దన్నావు," అన్నాడు వీరపోతును చూసి, కొంచెం సిగ్గుపడి. "ఊగాను."

అటు కుళ్లు మోకుల గుట్టలు, ఇటు ఇరవై ఒక్కమంది సాక్షులు. దండపాలుడు తడిబట్టలతోనే లేఖకుణ్ణి పిలిపించి, పాత తాటాకు చింపించి, అక్కడికక్కడే దండోరా వేయించాడు. కర్పూరద్వీపంలో పసుపు పోగు మోకులవాడదే. గాడిద కూడా వచ్చింది గాని, దాన్ని వట్టినే పంపేశారు.

"నా రేవులో అన్నిటికన్నా వేగమైన ఓడ తీసుకోండి," అన్నాడు మకరందుడు. "రాజధానికి ఎనిమిది రోజుల దారి. పున్నమికి సరిగ్గా ఎనిమిది రోజులు."

కలహంసి రేవుకు పరుగెత్తి ఓడ చూసి వచ్చింది. మొహం వేలాడేసింది. "తెరచాపలకి, లంగరుకి, అన్నిటికీ శ్రేష్ఠి మోకులే. నిన్ననే కొత్తగా కట్టారట. రేవంతా అవే. మన పడవ ఇంతమందిని మొయ్యదు. ఇవాళ ఉప్పునీళ్లు తగిలితే ఏడో రోజుకి తెగుతాయి. మనకి ఎనిమిది కావాలి."

సన్నాసయ్య తల గోక్కున్నాడు.

"ఓడలో పీచెక్కించండి. సక్రం ఎక్కించండి. ఏడు రోజులు సేతిలో ఉంటే ఏడుపెందుకమ్మా? తెగేలోగా పేనుకుందాం."

ఓడ కదిలింది. మోకు పేనడానికి ఐదువందల మూరల నేల కావాలి. ఓడ పొడవు డెబ్భై మూరలు. అందుకని పెద్ద తెరచాప కొయ్య చుట్టూ గుండ్రంగా, ఒకరి వెనక ఒకరు, ఇరవై ఒక్కమందీ వెనక్కి నడిచారు. చూసినవాళ్లకు దేవుడి చుట్టూ వెనక్కి ప్రదక్షిణం చేస్తున్నట్టుండేది. మూడో రోజుకు లంగరు మోకు మారింది. ఐదో రోజుకు చిన్న తెరచాపలవి మారాయి. పెద్ద తెరచాపది ఇంకా సగంలోనే ఉంది. దూరాన, ఆకాశం అంచున, భ్రమకేతుడి ఓడ తెల్లని చుక్కలా ముందే పోతోంది.

ఆరో రోజు మధ్యాహ్నం వీరపోతు చక్రం తిప్పుతూ ఆ చుక్క వైపే చూస్తున్నాడు.

"అయ్యా, వాడు మనకన్నా ముందు అమ్మ దగ్గరికి వెళ్తే? అచ్చం నాలాగే ఉన్నాడు. అమ్మ నేనే అనుకుంటే?"

సన్నాసయ్య పన్నెండో అడుగు వేసి మడమ తట్టాడు. "సెరసాలలో మీ అమ్మకి పడుకోడానికి ఏటిచ్చుంటారు?"

"గడ్డి."

"ఆరు నెల్లు గడ్డి ముందు కూకోబెడితే మీ అమ్మ సేతులు ఊరుకుంటాయా? ఈపాటికి గుమ్మానికడ్డంగా మోకు పడే ఉంటాది. వాడు ఎల్లనీ. ఎలాగెల్తాడో అది సూసుకుంటాది."

ఓడంతా గొల్లుమంది. వీరపోతు నవ్వడానికి నోరు తెరిచాడు. అప్పుడే నైరుతి నుంచి గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. పైన, పెద్ద తెరచాప దగ్గర, టప్పుమని ఒక పోగు తెగింది. వెంటనే రెండోది తెగింది. ఏడో రోజు దాకా ఆగే ఓపిక ఆ మోకుకు లేదు. కొయ్య కిర్రుమని ఒరిగింది.

"పురి జారింది... పట్టూ!"

ఈసారి కేక వేసింది కలహంసి. చుక్కాని కట్టేసి, గాలికి ఎదురుగా, కొయ్య వైపు ఉరికింది. దారిలో సగం పేనిన కొత్త మోకు అడ్డంగా ఉంది. ఓడ ఒరుగుతోంది, తెరచాప చిరుగుతోంది, క్షణం దాటితే కొయ్య మిగలదు. ఆమె ఆగింది. వంగింది. మోకును కళ్లకద్దుకుని, తల మీదుగా ఎత్తి, దాని కింద నుంచి దూరి పరుగెత్తింది.